సరిపడు గొట్టము

ఇంటిలో నెన్ని పెద్ద వస్తువులున్నను, పని యాగిపోయిన దినమున మన కన్నులకు గనబడునది వానిలో మిక్కిలి చిన్నదియే. బావి యెండిపోదు, చేదత్రాడు తెగును. తిరుగలి యరిగిపోదు, దాని పిడి యూడిపోవును. లారీల గతియు నిట్టిదే. లక్షలు వెచ్చించి కొన్న బండిని మూరెడు పొడవైన రబ్బరు గొట్టమొకటి వాకిట నిలువబెట్టగలదు. గడచిన వేసవిలో మా యింట జరిగినది యిదియే గావున, తన్మూలమున మేము నేర్చుకొన్న సంగతులను సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

స్త్రీలు చదువు పత్రికలో లారీ ప్రసంగమేల యని కొందఱికి దోచవచ్చును. మా యూరిలో ననేక గృహములకు లారీ పొయ్యివంటిది. అది కదలినగాని యెసటిలో బియ్యము పడవు. దానిని కొనుటకై కుదువబడినవి స్త్రీల నగలు. దాని కిరాయికై యెదురుచూచి పిల్లల బడిజీతములు కట్టువారు స్త్రీలు. అట్టిదాని జబ్బులు కొన్నియైనను మనము తెలిసికొనుట యుచితమే గదా.

మా ఆనందపురము విశాఖపట్టణమునకు ఉత్తరమున జాతీయరహదారిపై నున్న కూడలి. చెన్నపట్టణమునుండి కలకత్తా వైపు పోవు నీ మార్గమునకు 2010 వఱకు 5వ సంఖ్య; ఇప్పుడు 16వ సంఖ్య. విశాఖకు బోవు బాటయు, పెందుర్తి మీదుగా అనకాపల్లికి బోవు బాటయు, తగరపువలస మీదుగా శ్రీకాకుళమునకు బోవు బాటయు నిచ్చట గలియును. తెల్లవాఱకమునుపే కూడలియొద్ద పూల యంగడి మొదలగును. బంతి, చేమంతి, మల్లె, లిల్లీ గంపలకొలదిగా దిగుచుండును. పూవు ఒక్కపూటలో వాడును గావున, పూలవ్యాపారమునకు ప్రాణము లారీ. లారీకి ప్రాణము వేళకు జేరుట.

మా మఱిదికి జీవనాధారమైనది ఒక పాత చిన్న లారీ. మన దేశమున టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారి సహకారముతో 1954లో లారీల నిర్మాణ మారంభించిరి. 1986లో వారి 407 అను చిన్న లారీ వెలువడినపిదప, పెద్ద లారీ దూరలేని పల్లెదారులలో సయితము సరకు చేరవేయుట సులభమయ్యెను. ఇతర సంస్థలవారును అట్టి తరగతి బండ్లను జేసిరి. మా బండియు నా తరగతిదే. ఇరువదేండ్లు దాటిన దానిని నాలుగేండ్ల క్రిందట మా మఱిది కొనినప్పుడు, మా తోడికోడలు తన గాజులు రెండు జతలు బ్యాంకులో కుదువబెట్టినది. ఆ యప్పు ఇంకను తీఱలేదు. ఆ లారీ చుట్టుపట్ల పల్లెలనుండి పూలు తెచ్చును. అంగడి లేని దినములలో పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా అనంతగిరి కనుమ నెక్కి, అరకువైపు నుండి కూరగాయలు దింపును.

వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమున చందనోత్సవము. ఏడాది పొడవునను చందనపు పూతలో నుండు శ్రీ వరాహలక్ష్మీ నృసింహస్వామి భక్తులకు నిజరూపదర్శన మొసగునది ఆ యొక్క దినమే. ఆ వారమున మా ప్రాంతపు పూలబండ్లకు విరామముండదు. సరిగా ఆ పండుగకు పది దినములకు ముందు మా బండి రేడియేటరు కారిపోయెను.

రేడియేటరు చేయు పని యెట్టిదో ముందు చెప్పెదము. ఇంజనులో నూనె మండగా బుట్టిన వేడిమిలో కొంతభాగము మాత్రమే చక్రములను ద్రిప్పును. తక్కినదానిలో కొంత పొగతో బోవును. కొంత నీటిద్వారమున వెలుపలికి బోవలెను. ఇంజను గోడలలో నీరు తిరుగుచు వేడినంతయు బుచ్చుకొని, పై గొట్టముద్వారా రేడియేటరులోనికి వచ్చును. అచ్చట సన్నని నాళములలో బడి ప్రవహించుచుండగా ఫ్యాను గాలి తగిలి చల్లబడి, క్రింది గొట్టముద్వారా మఱల ఇంజనునకు జేరును. ఈ ప్రదక్షిణమును జరిపించునది నీటిపంపు. నీరు 80 డిగ్రీల ప్రాంతమునకు గాగువఱకు దానిని రేడియేటరులోనికి పోనీయక కావలికాయు తలుపు థర్మోస్టాటు.

మనము వేడిపాలను వెడల్పుపళ్లెములో బోసి యార్చుటయు, ఇదియు ఒకటే సూత్రము. గాలి తగులు చోటు పెరిగినకొలది వేడి త్వరగా బోవును. విల్హెల్మ్ మేబాక్ అను జర్మను యంత్రశిల్పి తేనెపట్టు గదులవలె నున్న రేడియేటరును గల్పించి, 1901 నాటి మెర్సిడెస్ బండిలో నమర్చెను. నేడు మన సంతలకు వచ్చు లారీల రేడియేటరులన్నియు దాని సంతతివంటివే.

ఇక గొట్టము రబ్బరుదే యేల కావలెను? ఇంజను పనిచేయుచున్నంతసేపు కదలుచుండును. రేడియేటరో, బండి చట్రమునకు బిగింపబడి కదలకుండును. కదలుదానిని కదలనిదానితో ఇనుపగొట్టముచే గలిపినచో ఏదో యొకచోట విఱుగక తప్పదు. కావుననే రెంటి నడుమ మెత్తని దొకటి కావలసివచ్చెను. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకము కలిపి కాచి రబ్బరును గట్టిపఱచు విధమును కనుగొనియుండనిచో, ఆ వేడికి తాళు గొట్టమే లేకపోయెడిది. నేటి గొట్టములు ఈపీడీఎం అను కృత్రిమ రబ్బరుతో, నడుమ నూలల్లిక యుంచి చేయబడుచున్నవి. ఇవి వేడినీటికి చక్కగా నోర్చును గాని, ఇంజను నూనె తగిలినచో ఉబ్బి మెత్తబడును.

మా బండి పాత రేడియేటరు ఇత్తడిది, రాగిది. ఎన్నియో మాఱులు మాటువేయబడి, ఇక మాటు నిలువదని పనివారు చేతులెత్తిరి. అట్టిదే క్రొత్తది దొరకుటయు దుర్లభము, దొరకినను వెల యధికము. కావున మఱియొక జాతి క్రొత్తబండికి జెందిన అల్యూమినియము రేడియేటరును కొని తెచ్చి యమర్చిరి. అది చట్రములో గూర్చున్నది. ఫ్యానునకు దూరమును సరిపోయినది. అందఱును సంతసించిరి. సరిపడనివి గొట్టములు మాత్రమే.

పైని, ఇంజను మూతికంటె రేడియేటరు మూతి లావు. క్రిందను లావు సమానమే గాని, రేడియేటరు మూతి రెండవప్రక్కకు జరిగియుండుటచే పాతగొట్టము జానెడు పొట్టియయ్యెను. మొదట అమర్చిన పనివాడు పైగొట్టపు కొనను వేడినీటిలో నుంచి, సాగదీసి, లావుమూతికి దొడిగి ఇనుపతీగతో గట్టెను. క్రిందిదానికి తిన్నని గొట్టము నొకదానిని బలవంతముగా వంచి దూర్చెను. బండి సొంఠ్యాము దాటకమునుపే పైగొట్టము ఊడి నీరంతయు బాటపాలయ్యెను. దైవవశమున మా మఱిది వెంటనే ఇంజను నాపెను గావున ఇంజనునకు చేటు మూడలేదు. ఆనాటి కిరాయి వేఱొక లారీకి బోయెను.

ఆ రాత్రి మా మఱిది, “వదినా, పాతయినుము కొనే వాళ్ళకి ఇచ్చేస్తాను. ఇంక నా వల్ల కాదు” అనెను. మా తోడికోడలు పలుకలేదు. బోసిచేతులను జూచుకొని కూర్చున్నది. మా యత్తగారు మాత్రము, “కొత్తకోడలు వచ్చిందని పాతయింటి గోడలు కూలగొడతామా? ఎక్కడ పొసగలేదో చూడండి ముందు” అనిరి. ఆ మాట మాకు నచ్చెను. ఇంటి లెక్కల పుస్తకము మా యధీనమున నుండుటచే, ఆ బండి పోయినచో నే పద్దులు మాసిపోవునో మాకు దెలియును.

మఱునాడు ఆనందపురమునందును, మధురవాడయందును దుకాణములన్నిటిని విచారించితిమి. ఎచ్చటికి బోయినను మొదటి ప్రశ్న యొకటే: “ఏ బండికమ్మా?” ఒక దుకాణమున మా తోడికోడలు విసిగి, “ఇంజను ఒక బండిది, రేడియేటరు ఒక బండిది. పైపు ఏ బండిదని చెప్పమంటారు?” అనినది. అచ్చటివారందఱు నవ్విరి గాని, సంకటమంతయు ఆ మాటలోనే యున్నది. బండి పేరు చెప్పినచో ఒక కొన సరిపడు గొట్టము నిత్తురు. రెండవ బండి పేరు చెప్పినచో రెండవ కొన సరిపడుదాని నిత్తురు. రెండు కొనలును సరిపడునది ఏ సంస్థవారి పట్టికలోను ఉండదు. ఏలయన, అట్టి బండిని ఏ సంస్థయు జేయలేదు.

కావున పేరు విడిచి కొలత పట్టితిమి. కొలుచు విధము మిక్కిలి సులభము. మూతిచివర చిన్న గట్టువలె నుబికియుండును. దానిని గాక, దాని వెనుకనున్న నున్నని మెడను గొలువవలెను. సాగని నూలుపోగును మెడచుట్టు ఒక్కమాఱు చుట్టి, కొనలు గలిసినచోట సిరాతో గుఱుతుంచి, స్కేలుపై బఱచి చూచితిమి. ఇంజను పైమూతి చుట్టుకొలత 120 మిల్లీమీటర్లకు రవంత తక్కువ, రేడియేటరుది 141. చుట్టుకొలతను 7చే గుణించి 22చే భాగించినచో అడ్డుకొలత వచ్చును. భాస్కరాచార్యుడు లీలావతిలో స్థూలగణనమునకు 22/7ను, సూక్ష్మగణనమునకు 3927/1250ని జెప్పినాడు. రబ్బరు గొట్టమునకు స్థూలమే చాలును. ఒకటి 38 మిల్లీమీటర్లు, రెండవది 45 అని తేలెను. క్రిందిమూతులు రెండును 45. మా వారు పాఠశాల ప్రయోగశాలనుండి వెర్నియర్ కాలిపర్సు దెచ్చి చూడగా నూలుపోగు లెక్కయే స్థిరపడెను.

గొట్టమునకు జెప్పు కొలత లోపలి యడ్డుకొలత యని గుర్తుంచుకొనవలెను. అది మూతి వెలుపలి కొలతతో సమానముగా నుండవలెను. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను రబ్బరు సహించును. ఏడు మిల్లీమీటర్లు సాగదీసినచో లోపలి నూలల్లిక తెగును, లేదా ఒత్తిడికి వెనుకకు జాఱును. లావుగొట్టమును సన్నమూతిపై నొత్తి క్లిప్పుతో బిగించినను మేలులేదు. ముడుతపడి ఆ ముడుతలోనుండి నీరు చిమ్మును.

రెండవ కొలత వంపునది. దీనికొఱకు బట్టలారవేయు లావుతీగను మూరెడు తీసికొని, ఇంజను మూతినుండి రేడియేటరు మూతివఱకు గొట్టము పోవలసిన దారివెంట వంచితిమి. అది ఫ్యానురెక్కలకును బెల్టునకును అంగుళమునకు తగ్గకుండ ఎడముగా నుండవలెను. పొగగొట్టమునకు వీలైనంత దూరముగా నుండవలెను. పైనొకటి, క్రిందనొకటి, రెండు తీగలను వంచి, ఏ కొన యెచ్చటిదో గుడ్డపేలిక గట్టి గుఱుతుంచితిమి. తిన్నని గొట్టమును వంచరాదని దీనివలననే స్పష్టమయ్యెను. తీగ సునాయాసముగ వంగును గాని, గొట్టము వంచినచోట నొక్కుకొనిపోయి నీటికి దారి మూసివేయును. అందుచేత వంపుతోడనే అచ్చున బోసిన గొట్టము కావలెను.

ఆ తీగలతోను కొలతలచీటితోను మేమును, మా తోడికోడలును, మా మఱిదియు గాజువాక ఆటోనగరునకు బోతిమి. ఉక్కు కర్మాగారము, ఓడరేవు ఉన్న పట్టణమగుటచే విశాఖలో లారీల కొఱత లేదు. లారీలున్నచోట వాని వైద్యులును ఉందురు. ఆటోనగరున ఒక వీధిలో లేతు మిషనులు, ఒక వీధిలో స్ప్రింగులు, మఱియొకచోట రేడియేటరులు. స్త్రీలు తఱచుగా బోవు చోటు గాదు గాని, చీటి చూపగనే అందఱును మర్యాదతో మాటలాడిరి. ఒక వృద్ధుడైన దుకాణదారు తీగలను జేతబట్టి చూచి, “ఇలా తెస్తే ఎంత సుఖమమ్మా! బండిపేరు నాకొద్దు” అని, లోపలినుండి పదునైదు గొట్టములు దెచ్చి, తీగ ప్రక్కన ఒక్కొక్కటియే పెట్టి చూడసాగెను. మేము చీర కొనునప్పుడు రవిక గుడ్డను ప్రక్కనుంచి చూచినట్లే యుండెను.

పైదానికి ఆయన యిచ్చినది సిలికోను గొట్టము. ఒక కొన 45, రెండవ కొన 38, నడుమ మూలవంపు. దీనిని రెడ్యూసరు అందురు. ఇట్టివి ఏ బండికిని జెందినవి గావు. కొలతలనుబట్టి మాత్రమే చేయబడి అమ్ముడుపోవుచున్నవి. లావు మాఱుచోట గొట్టము క్రమముగా సన్నమగును గావున సాగదీయవలసిన పని లేదు. అయితే సిలికోను మెత్తనిది; మామూలు క్లిప్పుల పట్టీలకుండు చీలికలు దానిని గొఱుకును. లోపల నున్నని పట్టీగల క్లిప్పులే దానికి దగును.

క్రిందిదానికి అచ్చముగా మా తీగవంటి గొట్టము దొరకలేదు. ఒకదాని పై వంపు మా తీగతో గలిసెను; మఱియొకదాని క్రింది వంపు గలిసెను. రెంటిని వలసినచోట గోసి, నడుమ నొక లోహపు గొట్టపుముక్క నుంచి కలుపుటయే మార్గమని ఆయన చెప్పెను. బాలవ్యాకరణము చదివినవారికి యడాగమము తెలియును. మా, అమ్మ అను రెండు పదములు సంధి లేక నిలిచినప్పుడు నడుమ యకారము వచ్చి, మాయమ్మ యని గలుపును. ఆ యకారము ముందుపదమునకును జెందదు, వెనుకపదమునకును జెందదు. రెంటిని గలుపుటయే దాని పని. మాకు గావలసినది అట్టి యకారమే.

ఆ ముక్కను ప్రక్కవీధిలోని లేతు పనివాడు తుప్పుపట్టని ఉక్కుతో అరగంటలో జేసి యిచ్చెను. దానియందు చూడవలసినవి మూడు. వెలుపలి యడ్డుకొలత గొట్టపు లోపలి కొలతతో సమానముగా, అనగా మాకు 45గా నుండవలెను. రెండు చివరలను గట్టువలె నుబుకు ఉండవలెను. అది లేనిచో ఒత్తిడికి గొట్టము జాఱిపోవును. ఇరువైపుల గొట్టము రెండంగుళములకు సమీపముగా దానిపైకి ఎక్కునట్లు పొడవుండవలెను. నునుపు లేని చివర రబ్బరును గోయును గావున ఆకురాయితో నున్నజేయించితిమి.

క్రిందిగొట్టమున మఱియొక మర్మము కలదు. పైగొట్టములో నీరు లోపలినుండి త్రోయబడును. క్రిందిగొట్టము నుండియో, పంపు నీటిని పీల్చుకొనును. కనుమ నెక్కునప్పుడు ఇంజను వడిగా దిరుగగా ఆ పీల్పునకు మెత్తని గొట్టము, చంటిబిడ్డ పీల్చిన పాలపీకవలె, లోపలికి నొక్కుకొనిపోవచ్చును. అప్పుడు రేడియేటరు నిండుగా నున్నను ఇంజనునకు నీరందదు. నిలిపి చూచునప్పటికి గొట్టము మఱల యథాస్థితికి వచ్చును గావున, దోషమెచ్చటిదో తెలియక రేడియేటరును నిందింతురు. అందుకే లోపల తీగచుట్టయైన నుండవలెను, లేదా దళసరి యల్లికగల గొట్టమైన నుండవలెను. మేము కోసిన రెండు ముక్కలలోను తీగచుట్టలు పెట్టించితిమి.

ఇక క్లిప్పు. మరత్రిప్పి బిగించు ఈ పట్టీని 1921లో లమ్లీ రాబిన్‌సన్ అను ఆంగ్ల నౌకాదళాధికారి కల్పించెను. వందేండ్లు దాటినను దానికి సాటిలేదు. ఇనుపతీగ గొట్టమును ఒకటి రెండు చోట్ల మాత్రమే నొక్కి కోసివేయును. పట్టీ చుట్టును సమముగా బట్టును. దానిని మూతి చివరనున్న గట్టుపై గాక, గట్టునకు వెనుక బిగింపవలెను. బలముకొలది బిగించుట నేర్పు గాదు. ఇంజను కాగి చల్లాఱినపిదప ఒకమాఱు మఱల చూచి, వదులైనచో రవంత బిగించుట నేర్పు.

లెక్క చెప్పెదము. సిలికోను గొట్టమునకు 650 రూపాయలు. క్రింది గొట్టములు రెంటికి 480. లేతు పనికి 200. క్లిప్పు లాఱింటికి 270. మొత్తము 1,600 రూపాయలు. ఇంత సొమ్ముతో దీఱు చిక్కునకై, గాజులు కుదువబెట్టి కొన్న బండిని పాతయినుముగా నమ్ముటకు సిద్ధపడితిమి!

ఇంటికి వచ్చి అన్నియు బిగించినపిదప నీరు పోయుటలోను తొందర కూడదు. లోపల గాలి చిక్కుకొన్నచో నీరు నిండినట్లు కనబడియు నిండదు. మెల్లగా బోయుచు, గొట్టములను చేతితో నొత్తి గాలిని వెడలింపవలెను. ఉత్త బావినీరు పోసినచో లోపల పాచియు తుప్పును పట్టును. అందుచేత కూలెంటును శుద్ధజలముతో సగపాలుగా గలిపి పోసితిమి. ఆ రాత్రి బండిక్రింద పాత వార్తాపత్రికలు పఱపించితిమి. వేడిలో కారనిది చల్లాఱినపిదప కారుటయు గలదు. కాగితముపై నొక్క చుక్క పడినను తెల్లవాఱి తెలియును. కాగితములు పొడిగానే యుండెను.

మొదట భీమునిపట్టణము వఱకు, పిదప శృంగవరపుకోట వఱకు బండిని వట్టిగా నడపి చూచిరి. మూడవనాడు బరువుతో అనంతగిరి కనుమ నెక్కించిరి. మా తోడికోడలు పట్టుబట్టి బండిలోనే కూర్చున్నది. వేడిమి చూపు ముల్లు నడుమ గీతను దాటలేదని ఫోనులో జెప్పునప్పుడు ఆమె కంఠము వణకినది. తదియకు ముందటి రాత్రి మా బండి సింహాచలమునకు పూలు మోసెను. ఆ వారపు కిరాయితో గాజుల యప్పులో ఒక వాయిదా చెల్లెను. గాజులింకను బ్యాంకులోనే యున్నవి. కాని దారి మూసికొనిపోలేదు.

బండిగల యిండ్ల సోదరీమణులు మఱవరాని సంగతులు కొన్ని కలవు. వేడిగా నున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. ప్రెషరు కుక్కరులో వలెనే అందును నీరు ఒత్తిడిలో నుండును. వాతావరణపు ఒత్తిడికి రెట్టింపైనచో నీరు 120 డిగ్రీల వఱకు మఱుగదు. మూత తీసిన క్షణముననే భగ్గున మఱిగి ముఖముపై చిమ్మును. చేయి తాకించుటకు వీలగువఱకు వేచియుండవలెను. కూలెంటులో నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషము. తీపికి ఆశపడి పిల్లలు గాని, కుక్కలు పశువులు గాని నాకినచో ప్రాణాపాయము. దానిని నీళ్లసీసాలలో పోసి యుంచరాదు. నేలపై నొలికినదానిని వెంటనే కడిగివేయవలెను.

నెలకొకమాఱు చల్లని ఇంజనుపై గొట్టములను వ్రేళ్లతో నొత్తి చూడవలెను. పెళుసుబాఱి కఱకఱలాడినను, నూనె త్రాగి ఉబ్బి మెత్తబడినను దాని కాలము తీఱినట్లే. క్లిప్పుదగ్గర మఱింత శ్రద్ధతో జూడవలెను. పైకి నునుపుగా నుండియు లోపల చీలుట అచ్చటనే తఱచు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి. మార్చిన వస్తువునకు పుట్టుపేరు పనికిరాదు. కావున గొట్టముల కొలతలు, క్లిప్పుల కొలతలు, వంపుల చిత్రములు మా లెక్కల పుస్తకములో వ్రాసియుంచితిమి. అట్టి చీటినే బండి తలుపు లోపల అంటించితిమి. ఆ రెండు తీగలు మా వంటయింటి గోడకు వ్రేలాడుచున్నవి. అర్ధరాత్రి ఏ బాటపైననో గొట్టము పగిలినచో, మా మఱిది ఏ యూరి దుకాణమునందైనను నిస్సంకోచముగ అడుగగలడు. మా వీధిలో మఱి యిద్దఱు ఇల్లాండ్రు అప్పుడే తమ బండ్లకు అట్టి చీట్లు వ్రాయించుకొనిరి. ఒకామె నూలుపోగు తానే పట్టి కొలిచినది. మీ యింట బండి యున్నచో, అది చక్కగా నడచుచున్న యొక తీరిక దినముననే ఈ పని చేసి యుంచుకొనుడు; ఆగిపోయిన దినమున కొలుచుటకు చేతులు వణకును.